మా గోత్రంలో ఒక బ్రిటిష్ ఆటగాడు

మా మావయ్యగారు టెన్నిస్ చూసేది బ్రిటిష్ వాళ్లు ఓడిపోవడం కోసం. ఆట మీద ఆయనకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఆయన తండ్రి ఉప్పు సత్యాగ్రహంలో లాఠీ దెబ్బలు తిని జైలుకు వెళ్లొచ్చిన మనిషి. ఆ లెక్క ఇంకా తేలలేదని మావయ్యగారి నమ్మకం. వింబుల్డన్ రోజుల్లో బ్యాంకు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని టీవీ ముందు కూర్చునేవారు. వాళ్ల ఊళ్లో, వాళ్ల పచ్చిక మీద, వాళ్ల రాజకుటుంబం కూర్చుని చూస్తుండగా, వాళ్లవాడు ఓడిపోయి సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోతుంటే ఈయన ముఖం వెలిగిపోయేది. ఆ పూట ఇంకో నాలుగు ముద్దలు ఎక్కువ తినేవారు.

అత్తయ్యకి ఆ వెలుగు చూస్తే ఒళ్లు మండేది. సొంతింట్లో, నలుగురి ముందూ ఓడిపోవడం ఎంత చిన్నతనం, దాన్ని చూసి సంతోషించే మనిషిని ఏమనాలి అని కాఫీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టేది. అలా మొగుడి మీద కోపంతో ఆవిడ బ్రిటిష్ పక్షం చేరింది. నేను కొత్తకోడలిగా ఎల్బీ నగర్‌లో ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికే రెండు పార్టీలూ గట్టిగా ఏర్పడి ఉన్నాయి. తెనాలి పక్క పల్లెలో ఐదో తరగతి దాకా చదివిన ఆవిడ, అంపైర్ గొంతు విని విని డ్యూస్, అడ్వాంటేజ్, ఫాల్ట్ అన్నీ పట్టేసింది. బంతి లోపల పడిందా, బయట పడిందా అన్నదాని మీద ఇద్దరికీ రోజూ తగువే. గీత మీద పడింది, తెల్లపొడి లేచింది, కనపడలేదా అని ఆయన. ఏ పొడైనా మీ కళ్లకే లేస్తుంది అని ఆవిడ. నిజానికి మా పాత టీవీలో బంతే సరిగ్గా కనపడేది కాదు, ఇక పొడి ఎక్కడిది? పెద్ద టీవీ కొనేసరికి ఆవిడ చూపు మందగించడం మొదలైంది.

పుష్కరం కిందట ఆ దేశానికి కప్పు రానే వచ్చింది. అత్తయ్య పరవాన్నం వండింది. మావయ్యగారు రెండోసారి వడ్డించుకుంటూ, గెలిచినతనిది ఇంగ్లండ్ కాదనీ స్కాట్లాండ్ అనీ, కాబట్టి అది లెక్కలోకి రాదనీ అన్నారు. అయితే ఆ గిన్నె ఇటివ్వండి అంది అత్తయ్య.

ఆయన పోయాక ఇంట్లో ప్రతిపక్షం లేకుండా పోయింది. ఫొటో టీవీ పైన గోడకి పెట్టాం. అత్తయ్య మాత్రం పార్టీ మారలేదు. ఏటా మామిడిపళ్లు వెనకబడి, తోపుడుబళ్ల మీదికి నేరేడుపళ్లు వచ్చే వేళకి, ఈ ఏడు బ్రిటిష్ వాళ్ల పరిస్థితి ఎలా ఉందని నన్ను అడుగుతుంది, ఊళ్లో పంటల సంగతి అడిగినట్టు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. పొద్దుటి బ్యాచ్‌లు ముగించుకుని మెట్రో ఎక్కితే భోజనాల వేళకి ఇంట్లో ఉంటాను. ఆ మెట్రోలో ఒంటికాలి మీద నిలబడి ఆవిడ కోసం టెన్నిస్ వార్తలు చదివిపెట్టడం నా ఉద్యోగంలో భాగమైపోయింది.

చదవగా చదవగా నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది. బ్రిటిష్ టెన్నిస్‌కి డబ్బుంది, కోర్టులున్నాయి, ప్రపంచమంతా కళ్లప్పగించి చూసే టోర్నీ ఉంది. లేనిది ఎండ. మిగతా దేశాల పిల్లలు ఏడాది పొడుగునా మట్టి మీదా సిమెంటు మీదా ఆడుతుంటే, వీళ్ల పచ్చిక ఆట వేసవిలో కొన్ని వారాల ముచ్చట. ఆ కొన్ని వారాలూ ఆ దేశం మొత్తం ఒకరిద్దరి మెడ మీద ఎక్కి కూర్చుంటుంది. ఏ కుర్రాడు కాస్త బాగా ఆడినా ఇతనేనా, ఇతనేనా అని పేపర్లు మొదలుపెడతాయి. మా సెంటర్ యాజమాన్యం కూడా ర్యాంకు వచ్చేలా ఉన్న పిల్లాడి చుట్టూ ఇలాగే తిరుగుతుంది. సరిగ్గా పరీక్ష ముందు ఆ పిల్లాడికి జ్వరం వస్తుంది.

అయినా ఇప్పుడున్న వాళ్లలో ఒకరిద్దరు గట్టివాళ్లేననీ, భుజమూ మోచెయ్యీ సహకరిస్తే పెద్ద కప్పులు దూరం కాదనీ అత్తయ్యకి చెప్పాను. ఆవిడకి గట్టివాళ్లు అక్కర్లేదు. వాళ్లని చూసుకోడానికి దేశం ఉంది కదా అంటుంది. ఆవిడ ఎంచుకున్న మనిషి వేరు.

అతనికి ముప్పై దాటాయి. పేరు చెప్పినా ఎవరూ పోల్చుకోలేరు. మోకాలికి నల్లపట్టీ, నెత్తి మీద పలచబడిన జుట్టు. వింబుల్డన్‌కి ముందు జరిగే చిన్న పచ్చిక టోర్నీల్లో, ఆ దేశపువాడని, ర్యాంకు లేకపోయినా వైల్డ్ కార్డ్ ఇచ్చి ఆడిస్తారు. వైల్డ్ కార్డ్ అంటే ఏమిటని అత్తయ్య అడిగితే మేనేజ్‌మెంట్ కోటా అని చెప్పాను. ఆ కోటాలో వచ్చి, మొదటి రౌండ్‌లో ఓడిపోయి, పిల్లల టోపీల మీద సంతకాలు పెట్టి వెళ్లిపోతాడు. నేను చూస్తుండగా ఒక్క ఏడూ ఈ ఆనవాయితీకి భంగం రాలేదు. పాపం మళ్లీ వచ్చాడే అని అత్తయ్య ఏటా మురిసిపోయేది.

ఈ జూన్ వచ్చేసరికి ఆవిడకి అతను కనపడటం మానేశాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ముందు బంతి పోయింది, తర్వాత గీతలు పోయాయి, చివరికి పచ్చటి తెర మీద కదిలే రెండు మచ్చలు మిగిలాయి. వంటింట్లో ఏది ఉప్పో ఏది పంచదారో నాలిక మీద వేసుకుని తెలుసుకునేది. డాక్టరు చూసి, చిన్న ఆపరేషనే గానీ, వానాకాలం దాటనిస్తే పొర గట్టిపడి కష్టమవుతుందన్నారు. అత్తయ్య వినలేదు. వాళ్ల అక్కకి వెనకటి రోజుల్లో ఏదో శిబిరంలో కన్ను కోస్తే, ఆ కన్ను మళ్లీ వెలుగు చూడలేదట. ఇప్పుడు అలా కోయడం లేదు, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చని నేనూ మా ఆయనా గొంతు చించుకున్నాం. ఉన్న మచ్చలు చాలు నాకు అంది.

నాకు ముక్కు మీద కోపం. ఒకరోజు మజ్జిగ గిన్నె అనుకుని ఆవిడ పొగలు కక్కుతున్న చారు గిన్నెలో చెయ్యి పెట్టింది. కొళాయి కింద ఆ చేతిని పట్టుకుని నేను అరిచాను. ఇవాళ చెయ్యి, రేపు పొయ్యి మీద కొంగు, ఎల్లుండి మెట్ల మీంచి కిందికి, ఇంకెన్నాళ్లు ఇలా మమ్మల్ని కాల్చుకుతింటారన్నాను. ఆవిడ కొళాయి కట్టేసింది. చెయ్యి తుడుచుకుంటూ, నా నోరు శాశ్వతంగా మూయించే ఉపాయం ఆలోచించిందని తర్వాత తెలిసింది.

“సరే. మనవాడు ఈ ఏడు ఒక్క మ్యాచ్ గెలిస్తే వస్తాను. ఆ ఆంజనేయస్వామి మీద ఒట్టు.”

మనవాడెవరంటే, ఆ మోకాలిపట్టీ వాడే అంది.

లెక్కలు చెప్పేదాన్ని కదా, అందులో ఉన్న తెలివి నాకు వెంటనే అర్థమైంది. ఒట్టు వేసింది కాబట్టి నేనిక అడగడానికి లేదు. అతను గెలవడు కాబట్టి ఆవిడ వెళ్లక్కర్లేదు. దానికి తోడు ఆ టోర్నీలో మొదటి రౌండ్‌లోనే అతనికి పెద్ద ర్యాంకువాడు తగిలాడు. గుమ్మం తలకి తగిలేంత పొడుగు, పిడుగులాంటి సర్వీసు. ఆ సంగతి చెప్తే అత్తయ్య ఎంతో జాలిగా తలాడించింది. ఆ తలాడించడంలో ఉన్న సుఖం నాకు కనపడకపోలేదు.

ఎదురింటామె దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. వాళ్లది నల్గొండ పక్క పల్లె. భర్త ట్రావెల్స్ బస్సు నడుపుతాడు, ఆమె ఇంట్లోనే జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. అత్తయ్యని పెద్దమ్మా అని పిలుస్తుంది, మధ్యాహ్నం కాసేపు మగ్గం వదిలి మా ఇంట్లో టీ తాగిపోతుంది. టెన్నిస్ అంటే ఆమె దృష్టిలో మా ఇంటి ఆచారం. సంగతంతా విని, దీనికింత పరేషాన్ ఎందుకు, పెద్దమ్మకి ఎలాగూ కనపడదు, గెలిచాడని చెప్పేస్తే అయిపోతుంది కదా అంది.

ఒక్క క్షణం ఆశ పుట్టింది. వెంటనే ఆ ఆశ మీదే కోపం వచ్చింది. అత్తయ్య చెవుల సంగతి ఆమెకి తెలియదు. బంతి రాకెట్‌కి నడుమ తగిలిందో అంచున తగిలిందో ఆవిడ చప్పుడుతో చెప్తుంది. జనం ఊపిరి తీసిన తీరుని బట్టి పాయింటు ఎవరిదో చెప్తుంది. అదీకాక, చూపు లేని మనిషిని చూపు విషయంలోనే మోసం చేయడం నా వల్ల కాదన్నాను.

“అట్లయితే గుడికి పోదాం పా అక్కా. అబద్ధం వద్దంటివి. అర్చన జేపిస్తే తప్పు లేదు గద” అంది.

మ్యాచ్ మంగళవారం పడింది. నా బ్యాచ్‌లు ఇంకొకరికి అప్పగించి, పొద్దున్నే ఇద్దరం ఆటోలో కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి వెళ్లాం. క్యూలో నిలబడి లోపలికి చేరితే పూజారిగారు మామూలుగానే గోత్రం అడిగారు. ఎక్కడో లండన్ పక్కన పుట్టిన మనిషికి ఏ గోత్రమని చెప్పను? ఎదురింటామె నన్ను పక్కకి జరిపి, తడుముకోకుండా మా ఇంటి గోత్రం చెప్పేసింది. ఏటా వినాయక చవితికి అపార్ట్‌మెంట్ పూజలో వినీ వినీ ఆమెకి అది కంఠతా వచ్చు. నక్షత్రం తెలియదంది. పేరు మాత్రం నేను చెప్పాను. పూజారిగారు నా ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకోసారి చెప్పించుకుని, ఆ పేరుని సంస్కృతంలోకి ఎలాగోలా మడిచి నామధేయస్య అని ముగించారు. ఏం కోరిక అని అడిగారు.

“పరీక్షున్నది అయ్యగారూ. శాన ఏండ్ల సంది రాస్తుండు, ఒక్కసారి గూడ పాస్ గాలే” అంది ఎదురింటామె.

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల గుళ్లలో అలాంటివాళ్లు రోజూ కనపడతారు. ఆయన సానుభూతిగా ఇంకో గుప్పెడు పువ్వులు వేశారు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. ఫోన్లో వస్తున్నదాన్ని టీవీకి ఎక్కించాను. మనవాడు ముదురు నీలం చొక్కా, అవతలివాడు తెల్లచొక్కా వేసుకోవడంతో అత్తయ్యకి ఏ మచ్చ ఎవరో తెలిసింది. బంతి బంతికీ లోపలా, బయటా అని ఆవిడ అడగడం, పక్కన కూర్చుని నేను చెప్పడం. ఎదురింటామె కింద చాప మీద ఒక జాకెట్ ముక్క ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొదటి సెట్ ఎంత తొందరగా పోయిందంటే, నేను టీ పెట్టి దించుకొచ్చేసరికి అయిపోవచ్చింది. ఆ పొడుగాటి మనిషి సర్వీసు తిరిగి కొట్టడానికి ముందు అది కంటికి ఆనాలి కదా. రెండో సెట్‌లో మనవాడు ఎలాగో సరిసమానంగా ఈడ్చుకొస్తున్నాడు గానీ, ఎప్పుడు తెగిపోతుందా అన్నట్టే ఉంది. అత్తయ్య సోఫాలో వెనక్కి వాలి కాళ్లు చాపుకుంది. పాపం, వాడి వల్ల ఏమవుతుందే అంది. ఆ గొంతులో దిగులు లేదు. నాకు అక్కడినుంచి లేచిపోదామనిపించింది.

అప్పుడు అక్కడ వాన మొదలైంది. కోర్టు మీద పట్టా కప్పేశారు.

ఆట ఎలాగూ ఆగింది కదా అని ఎదురింటామె ఇంటికెళ్లి పొద్దుటి ప్రసాదం తెచ్చింది. అత్తయ్య చేతిలో కొబ్బరిముక్క పెట్టింది. అర్చన ఎవరి పేరున చేయించారని అత్తయ్య యథాలాపంగా అడిగింది. కడుపులో మాట దాచుకోవడం చేతకాని మనిషి, గుళ్లో జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

“మీ గోత్రమే చెప్పిన పెద్దమ్మా. గాయినకు గోత్రం లేకపాయె, ఏంజేస్త మరి?”

అత్తయ్య నిటారుగా లేచి కూర్చుంది. ముక్కూ ముఖం తెలియనివాణ్ని, ఆయనే బతికుంటే మన గడప తొక్కనివ్వని వాణ్ని, ఎవరినడిగి మా గోత్రంలో కలిపారని ఇద్దరినీ కడిగేసింది. ఎదురింటామె జాకెట్ ముక్కలోకి తలదూర్చేసింది. స్వామి ముందు ఒకసారి చదివింది వెనక్కి తీసుకోవడానికి ఉంటుందా అని అత్తయ్య అడిగింది. ఉండదేమోనన్నాను. ఆవిడ తలెత్తి ఫొటో ఉన్న వైపు చూసింది. ఆ ఫొటో కూడా ఆవిడకి ఒక మచ్చే. కొబ్బరిముక్క ఇంకా నోట్లో పెట్టుకోలేదు.

“అయితే వాడిప్పుడు మనింటివాడే కదే” అంది చివరికి. గొంతు పూర్తిగా మారిపోయింది. “మనింటివాడు సొంతూళ్లో, నలుగురి ముందూ ఓడిపోతుంటే నేను కాళ్లు చాపుకుని కూర్చున్నానా?”

గోడ పట్టుకుని దేవుడి గదిలోకి వెళ్లింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు విని నేను పరిగెత్తాను. చూపు తగ్గినప్పటి నుంచి ఆవిడని దీపం దగ్గరికి రానివ్వడం లేదు. నేను వెళ్లేసరికే వత్తి తడుముకుని తనే వెలిగించుకుంది.

“వాడు గెలవాలి స్వామీ. నా కళ్లు కోస్తారంటే నాకు భయమే. అయినా సరే, వాడు గెలవాలి.”

ఆపరేషన్ వద్దనడానికి ఆవిడ ఇన్నాళ్లూ సవాలక్ష కారణాలు చెప్పింది. భయమన్న మాట మాత్రం నోట రాలేదు. ఆవిడ భుజం పట్టుకుని తెచ్చి సోఫాలో కూర్చోబెట్టాను. ఈసారి ఆవిడ వెనక్కి వాలలేదు.

వాన వెలిసింది. పట్టా తీశారు. ఆట మళ్లీ మొదలైన కాసేపటికి ఏదో మారిందని నాకూ తెలిసింది. వాన తేమకి బంతి పైకి లేవడం లేదు, నేలబారున జారిపోతోంది. ఆ పొడుగాటి మనిషికి అంత కిందికి వంగడం గండమైపోయింది. మనవాడు అది కనిపెట్టి ప్రతి బంతినీ కింద నుంచి కోసి పంపడం మొదలుపెట్టాడు. కోస్తున్నాడు కదూ అంది అత్తయ్య, చప్పుడు పట్టుకుని. అవునన్నాను. ఎండ లేదని నేను వెక్కిరించిన దేశంలో పుట్టి, ఇలాంటి చెమ్మ పచ్చిక మీద చిన్నప్పటి నుంచీ జారిపడి లేచిన మనిషి, ఆ వాననే తన పక్షం చేసుకున్నాడు. రెండో సెట్ అతనిదైంది.

మూడో సెట్‌లో నా నోట మాటలు సరిగ్గా వచ్చి ఉంటే ఒట్టు. నేనెక్కడ ఆగితే అక్కడ ఎదురింటామె అందుకుంది. గీత దాటింది పెద్దమ్మా, వలకు తాకింది పెద్దమ్మా, మళ్ల మనోడే కొట్టిండు అంటూ, ఈ ఆట తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నట్టే చెప్పుకుపోయింది. సూది ఎప్పుడో చాప మీద పడేసింది. మ్యాచ్ పాయింటు దగ్గర బంతి అటూ ఇటూ తెగ తిరిగింది. మనవాడు కోసి పంపాడు, పొడుగాటి మనిషి వంగి లేపాడు, అది గాల్లోకి లేచింది. నేను చూస్తూనే ఉన్నాను, నోరు పెగల్లేదు. ఆవిడ లోపలా బయటా అని అడగనూ లేదు. అక్కడి జనం అరుపు మా హాలంతా నిండిపోయింది.

“బయటే. గెలిచాడు” అని ఆవిడే నాకు చెప్పింది.

ఎదురింటామె వరండాలోకి పరిగెత్తి చప్పట్లు కొట్టింది. పై అంతస్తు వాళ్లు, పక్క ఫ్లాట్ వాళ్లు తలుపులు తీశారు. ఎవరికి ర్యాంకు వచ్చిందని అడిగారు. మా ఇంటి పిల్లాడు ఇన్నాళ్లకి పాసయ్యాడని చెప్పాను, ఆ మాట చెప్తున్నప్పుడు నాకు కలిగిన గర్వం నా విద్యార్థులెవరి వల్లా కలగలేదు. అందరికీ పరవాన్నం పంచాం. ఆ గెలుపు ఏ తెలుగు పేపర్లోనూ రాలేదు. మా అపార్ట్‌మెంట్లో మాత్రం ఆ వారమంతా అదే కబురు.

రెండో రౌండ్‌లో అతను ఓడిపోయాడు. మన ఒప్పందం ఒక్క మ్యాచ్‌కే కదా అని, ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లాలో అత్తయ్యే అడిగింది. ఆ రోజు ఎదురింటామె కూడా మాతో వచ్చింది. పెద్దమ్మ దవాఖానకి పోతుంటే మగ్గం ముందు ఎట్ల కూర్చుంట అంది. ఆటోలో అత్తయ్య చెయ్యి చల్లగా ఉంది. ఆపరేషన్ గది గుమ్మం దగ్గర నా చెయ్యి వదిలేస్తూ, ఒక సర్వీసు పోయినా రెండోది ఉంటుంది కదే అంది. ముందు ఒక కన్నే చేస్తారు, రెండోది ఉంటుందని ఆవిడ ధైర్యం. మర్నాడు పట్టీ తీశాక, డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగితే, వేళ్ల సంగతి సరే, ఆ గోడ గడియారం వెనకబడింది చూసుకోండి అంది. నేను, ఎదురింటామె ఒకరి చేతులొకరం పట్టుకుని అక్కడే ఏడ్చేశాం.

వింబుల్డన్ వచ్చింది. మనవాడికి అక్కడ కోటా దొరకలేదు. నేను గట్టివాళ్లని చెప్పిన వాళ్లలో ఒకడు ఆడుతుంటే, అత్తయ్య నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని కూర్చుంది. పర్లేదే, వీళ్లు బాగుపడేట్టే ఉన్నారు అని వంటింట్లోకి వినపడేలా చెప్పింది. నేను వంకాయలు వేయిస్తున్నాను. రాకెట్ చప్పుడు, ఆ వెనకే జనం హోరు వినపడ్డాయి.

“లోపలా, బయటా?” అని ఈసారి నేనడిగాను.

పొయ్యి తగ్గించి హాల్లోకి వచ్చాను. అత్తయ్య సోఫాలోంచి లేచి టీవీ ముందు నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు, తలెత్తి గోడ మీది ఫొటో వైపు చూస్తోంది.

“గీత మీదే పడిందండీ. తెల్లపొడి లేచింది, నేను చూశాను. పాయింటు మాత్రం మావాళ్లదే.”